గృహిణీ ప్రసంగము: పూటకూటి యింట పంక్తిభోజనము

వెల యిచ్చి పరుల వంట భుజించుట మన పూర్వులకు రుచింపని కార్యము. ప్రయాణము తప్పనప్పుడు చిత్రాన్నమో, పెరుగన్నమో మూటగట్టుకొని, చెట్టునీడను విప్పుకొని తినుటయే వారికి మర్యాద. నేడట్లు గాదు. సెలవునాడు కుటుంబమంతయు కలిసి భోజనశాలకు పోవుట ఒక వేడుక యైనది. ఇది మంచిదా, చెడ్డదా యను వాదమునకు మేము పూనుకొనము. పోవువా రెట్లును పోవుదురు. అట్టి చోట నేమి చూడవలెను, ఏమి నేర్చుకొని యింటికి రావలెను అనునదియే యీ మాసమున మా ప్రసంగము.

మా హిందూపురమునకు బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్ల దూరము. మా పిల్లలలో పెక్కండ్రు అచ్చట ఉద్యోగములు చేసికొనుచు, వారాంతమునకు ఇంటికి వచ్చి ఆ నగరపు వింతలు చెప్పుదురు. ఆ వింతలలో ఇటలీదేశపు వంట యొకటి. ఇటలీ పల్లెలలో “త్రత్తోరియా” యను చిన్న భోజనశాలలు గలవట, అందు కుటుంబములు కూడి గంటలకొలది భుజించునట, అట్టి చోటికి ఒక్కమారైన పోవలెనట! ఈ మాటలు వినగా మాకును కుతూహలము కలిగి, ఆ దేశపు భోజనపద్ధతులను గూర్చి కొంత చదివితిమి.

త్రత్తోరియా యనునది ఆడంబరము లేని యిల్లు. యజమాని వడ్డించును. భార్యయో, తల్లియో వండును. వంటకముల పట్టిక చిన్నది. ఆ ఋతువున ఆ ప్రాంతమున పండినదే ఆనాటి వంట. 1985లో ఇటలీ ప్రభుత్వము ఒక చట్టము చేసి, సేద్యము చేయు కుటుంబములు తమ పొలమున పండిన పదార్థములతో అతిథులకు భోజనవసతు లేర్పరచుటను ప్రోత్సహించినది. 1986లో రోమునగరపు నడిబొడ్డున అమెరికా పద్ధతి భోజనశాల యొకటి తెరువబడినప్పుడు కార్లో పెట్రీని మొదలగువారు నిరసన తెలిపి, నింపాదిగా తినుటయు, స్థానికపు పంటను కాపాడుటయు ధ్యేయములుగా ఒక ఉద్యమము నడపిరి. 2010లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ మధ్యధరాసముద్ర తీరపు ఆహారపద్ధతిని మానవజాతి వారసత్వముగా గుర్తించినప్పుడు, ఆ పద్ధతికి పునాది కలిసి భుజించుటయే యని చెప్పినది. పదార్థముల కెంత గౌరవమో, పంక్తికిని అంత గౌరవ మిచ్చిరన్నమాట.

ఉత్తర ఇటలీ పల్లెజనుల ముఖ్యాహారము “పొలెంత”. రాగిపాత్రలో నీరు మరిగించి, పిండి పోసి, కొయ్యతెడ్డుతో ముప్పావుగంట గెలికి, గట్టిపడిన పిమ్మట కొయ్యపీటపై కుమ్మరించి, దారముతో ముక్కలు కోయుదురు. మన సంగటికి తోబుట్టువని చెప్పవచ్చును. పూర్వము దానిని వరిగలవంటి చిరుధాన్యములతో చేయుచుండిరి. అమెరికా ఖండమునుండి మొక్కజొన్న వచ్చిన తరువాత ఆ పిండితోనే చేయసాగిరి. కొన్ని యిండ్లలో ఆ పీట చుట్టును అందరు కూర్చుండి తినెడివారు.

అయితే ఆ పొలెంత చరిత్రలో ఒక దుఃఖకథయు కలదు. పదునెనిమిదవ శతాబ్దమునుండి అచ్చటి నిరుపేదలు పాలు, పప్పులు, మాంసము లేక మొక్కజొన్న పొలెంతనే మూడు పూటలు తిని, చర్మము గరుకెక్కి, మతి చెడి వేలకొలది మరణించిరి. 1771లో మిలానునగరపు వైద్యుడు ఫ్రాపొల్లి ఆ వ్యాధిని వర్ణించి “పెల్లాగ్రా” అను పేరును గ్రంథస్థము చేసెను. గరుకు చర్మమని దాని యర్థము. ఒక విటమిను లోపమే కారణమని ఇరువదవ శతాబ్దమున తేలినది. పొలెంత విషము కాదు. పక్కన నంజు లేకుండుటయే ప్రాణాంతకమైనది. సోదరీమణు లీ సంగతిని మనసున నుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఇక మన దేశపు మాట. పూటకూళ్లు మనకు క్రొత్తవి కావు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటి యింటి వర్ణన కలదు. ఒక్క రూక చెల్లించినచో సువాసనగల అన్నము, గోధుమపిండివంట, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు లక్ష్మణవజ్ఝల యింట లభించెనట. వంటకములన్నిటిని చెప్పిన ఆ పద్యమున, ఇంటి యజమాని పేరు కలదు గాని వండినవారి పేరు లేదు. 1892లో రంగమెక్కి 1897లో అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ యే యున్నది. అభాగ్యురాలగు విధవ తన చేతివంటను నమ్ముకొని బ్రదుకుచుండ, ఆమె కూడు తిని ఆమెనే మోసగించెను గిరీశము. ఆ పేరు విని నవ్వుట మనకు అలవాటైనది. కాని పరువుగా సంపాదించి తిన్న దెవరు, తేరగా తిన్న దెవరు అని విచారించినచో నవ్వు నిలువదు.

గడచిన పుష్యమాసమున, మా యింటి పెండ్లికై పట్టుచీరలు కొనుటకు హిందూపురమునుండి ధర్మవరమునకు కుటుంబసమేతముగా పయనమైతిమి. డెబ్బది యేండ్లు దాటిన మా అత్తగారు, ఆడుబిడ్డ, పిల్లలు కలిసి ఏడుగురము. సోమందేపల్లె దాటి రాజమార్గమున కొంత దూరము పోయి, పెనుకొండకు ఈవల ఒక సంగటి భోజనశాలయొద్ద దిగితిమి. రేకుల పందిరి, నాలుగు బల్లలు, కట్టెలపొయ్యి. భర్త వడ్డించుచుండగా భార్య వండుచుండెను. ఆమె అత్త ఎర్రగడ్డలు కోయుచుండెను. రాగిసంగటి, చెనిక్కాయ విత్తుల ఊరుబిండి, పుండుకూర పప్పు, ఆ ఋతువున దొరకు అనపకాయల పితికిపప్పు పులుసు, మాంసము తినువారికి నాటుకోడి పులుసు. పట్టిక అంతటితో సరి. బెంగుళూరునుండి వచ్చిన మా పిల్లవాడు చుట్టును చూచి, “మేము చెప్పిన త్రత్తోరియా ఇదే కదా!” అనెను. నిజమే. పేరుమాత్రము మారినది.

వంట చేయు విధము చూచితిమి. ఒక పాలు బియ్యపు నూకకు ఆరు పాళ్లు నీరు పోసి, నూక మెత్తబడువరకు ఉడికించి, అందు రెండు పాళ్లు రాగిపిండి గోపురమువలె పోసి, గెలుకక మూతపెట్టి సన్నసెగను ఉంచవలెను. పిండి తడిసి ఉడికిన వాసన వచ్చినప్పుడు దించి, కుండను కదలకుండ అదిమిపట్టి, తెడ్డుతో ఉండలు కట్టకుండ బలముగా గెలుకవలెను. ఈ గెలుకుటలోనే పనితన మున్నది. భుజములు నొచ్చును, ముఖమునకు ఆవిరి కొట్టును. తరువాత తడిచేతితో ముద్దలు చేయుదురు. ముద్ద నడుమ గుంట చేసి నేయి వేసికొని, తునిగిన ముక్కను పులుసున ముంచి మింగవలెను. నమలినచో పండ్లకు అంటుకొనును. ఇది చిన్నపిల్లలకు ముందే చెప్పవలెను. చల్లారిన సంగటి గట్టిపడి రుచి చెడును గనుక వేడిగా నున్నప్పుడే తినవలెను.

పిల్లలు, పురుషులు బల్లలయొద్ద కూర్చుండిరి. మా అత్తగారు అలవాటు చొప్పున గోడవారగా నిలిచి యుండిరి. ఆ గృహిణి పొయ్యియొద్దనుండియే కేక వేసినది.

“అవ్వా, నువ్వు ఈడ కూసో. సంగటి సల్లారితే తినేకి బాగుండదు.”

“పిల్లోళ్లు తిననీ తల్లీ. నాకేం తొందర?”

“అందరికీ సరిపోను ఉండాది. ఒకేసారి కూసుంటే ఒకేసారి వడ్డిస్తాం.”

అత్తగారు కూర్చుండిరి. పొయ్యిపైనుండి దిగిన తొలి ముద్ద వారి యాకుననే పడెను. ఏబది యేండ్లుగా సంగటి గెలికి పదిమందికి పెట్టిన చేయి అది. పొగలు గ్రక్కుచున్న ముద్దను తాకి, వ్రేళ్లు వెనుకకు తీసికొని, “ఇంత యేడిగా తినడం నాకు సేతకాదే!” అని నవ్విరి. మే మెవ్వరము నవ్వలేకపోతిమి. వండినవారికి వేడి సంగటి తినుట చేతగాకుండుట ఎంతటి మాట!

భోజనము సగమైనప్పుడు అత్తగారే ఆమెను అడిగిరి: “నువ్వెప్పుడు తింటావమ్మా?”

“మూడు దాటుతాది అవ్వా. మిగిలింది చూసుకోని తింటా.”

“మిగిలింది చూసుకోని యేంది? ముందు నీ పాలు తీసి మూతపెట్టుకో. ఆమీద మాకు వడ్డించు. నేను యిన్నేండ్లూ చేయని పని, నువ్వైనా చెయ్.”

ఆమె నవ్వి యూరకుండెను. కాని మేము చేయి కడుగుకొను లోపలనే, ఆమె అత్త లేచి ఒక గిన్నెలో పప్పును, ఊరుబిండిని, పులుసును తీసి మూతపెట్టి అలమరలో నుంచుట చూచితిమి. రెండు పాళ్లు తీసెను. ఒకటి కోడలిది, ఒకటి తనది.

సోదరీమణులారా! “మిగిలినది” అను మాటను కొంచెము విమర్శింతము. పదిమంది తిన్న పిమ్మట మన వంటయింట ఏమి మిగులును? నేయి, పెరుగు, గ్రుడ్డు, కూర, పప్పు ముందు తీరిపోవును. అడుగున మిగులునది సంగటియో, అన్నమో, నీళ్లచారో. అనగా కడపట తిను స్త్రీ ధాన్యమును మాత్రమే తినుచున్నది. ఇటలీ నిరుపేదలకు పంక్తియంతటికిని నంజు లేకపోయెను. మన యిండ్లలో కలిగినవారి పంక్తియందే వండిన ఒక్కతెకు లేకపోవుచున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణమున, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దానికి కారణము లనేకములు. కాని కడపట తినుట అందులో మన చేతిలో నున్న కారణము.

రాగులు గొప్ప ధాన్యమే. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. తెల్లని బియ్యమున పది మిల్లీగ్రాములుండుటయే యరుదు. వర్షము చాలని మా సీమను రాగులు, చెనిక్కాయలు పోషించినవి. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. అయినను సంగటి యొక్కటియే రక్తమును పుట్టింపదు. ఆకుకూర, పప్పు, విత్తులు, వలయువారికి మాంసము, పైని నిమ్మరసమో ఉసిరికయో కలిసినప్పుడే శరీరమునకు ఇనుము చక్కగా పట్టును. భోజనము కాగానే తేనీరు త్రాగుట ఆ యినుమును పట్టనీయదు. గంటసేపు ఆగి త్రాగుట మంచిది.

అచ్చటినుండి పెనుకొండకు పోయితిమి. 1565లో రక్కసతంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట తిరుమలదేవరాయలు రాజధానిగా చేసికొన్న యూ రది. గగనమహలు నేటికిని నిలిచియున్నది. ఆ యూరిసమీపమున ఎర్రమంచి గ్రామమున కొరియాదేశపువారి కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. ఆ దేశమునుండి వచ్చిన యుద్యోగుల కొరకు కొరియా వంటల భోజనశాలలును ఈ ప్రాంతమున వెలసినవి. మనవారికి ఇటలీపై మోజు, వారికి తమ తల్లి వంటపై బెంగ! కొరియావారి పంక్తియందు ఒక నియమ మున్నది. అందరిలో పెద్దవారు చెంచా ఎత్తినగాని తక్కినవారు ఎత్తరు. ఆ పెద్ద స్త్రీయైనను సరే. ఎవరు ముందు, ఎవరు వెనుక అను క్రమము ఒక్కొక్క దేశమున ఒక్కొక్క తీరున నున్నది. కనుక మన యింటి క్రమమును మార్చినచో ఆకాశము విరిగిపడదు.

ధర్మవరము చేరునప్పటికి సాయంకాలమైనది. క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర ఆ యూరు నిర్మించెనని చెప్పుదురు. తల్లి పేరు పెట్టుకొన్న యూర తల్లులు పడు శ్రమ ఇంతింతని చెప్పరాదు. మగ్గముగల యింట పురుషుడు నేయుచుండగా, స్త్రీ కండెలు చుట్టి, పోగులు సరిచేసి, నడుమ లేచి పొయ్యి చూచుకొనును. మేము చీరలు చూచిన యింట ఒక మంచి యాచారము కనబడెను. ఉదయపు ఫలహారము వారు వండుకొనరు. వీథిలో ఒక పెద్దమ్మ దోసెలు, ఉగ్గాని, బజ్జీలు చేసి యమ్మును. అవి తెప్పించి, మగ్గమాపి, మగడును, భార్యయు, పిల్లలును నేలపై కూర్చుండి ఒకేసారి తిందురట. “పొద్దున ఒక్క పూటైనా అందరం కలిసి తింటాం, అంతే సాలు” అని ఆ యిల్లాలు చెప్పెను. దోసెల వలన ఆ పెద్దమ్మకు బ్రదుకుతెరువు, ఈ యిల్లాలికి పంక్తిలో చోటు. ఇంతకంటె గొప్ప వ్యాపార మేమున్నది?

ఇక కుటుంబముతో భోజనశాలకు పోవువారికి మాకు తోచిన కొన్ని మాటలు.

మొదటిది: పెద్ద పలకను చూచి పోవలదు. పొయ్యి కనబడు చోటు మేలు. త్రాగునీరు కాచినదా, శుద్ధిచేసినదా యని అడుగుటకు సిగ్గుపడవలదు. స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి గలదా యని వంటకములు చెప్పకమునుపే విచారింపుడు. స్త్రీలు దారిలో నీరు త్రాగక మూత్రము బిగబట్టుకొని పయనించి వ్యాధులు తెచ్చుకొనుచున్నారు.

రెండవది: పట్టిక చిన్నదైన చోట వంట తాజాగా నుండును. ఆ ఋతువున ఆ యూర పండినదే అడుగుడు. ముసలివారికి కారము తగ్గింపుమని ముందుగా చెప్పవలెను. పిల్లలకు సగము ముద్దతో ప్రారంభించి, చాలనిచో మరల వేయించుకొనుట మేలు. ఆకున విడిచిన సంగటి యొకరి భుజముల నొప్పియని పిల్లలకు తెలియవలెను.

మూడవది: అందరు కూర్చుండువరకు ఎవ్వరును ముట్టవలదు. పిల్లను ఎత్తుకొని తిరుగుట తల్లి వంతే యనుకొనరాదు. తండ్రి సగముసేపు ఎత్తుకొన్నచో తల్లియు వేడిగా తినును.

నాలుగవది: వండినవారిని పలుకరింపుడు. వంట బాగున్నదని వడ్డించినవానితో చెప్పి పోవుట మన అలవాటు. పొయ్యియొద్దకు పోయి ఆమెతో చెప్పుడు. బేరమాడకుడు. తిన్న పిమ్మట చోటు విడిచి లేచినచో ఆమె భోజనవేళ కొంత ముందునకు వచ్చును.

ఐదవది ఇంటిమాట. పంక్తిలో అందరితో కూర్చుండుట ప్రతిదినము సాధ్యము కాకపోవచ్చును. ఒకరికి బడి, ఒకరికి ఉద్యోగము, ఒకరికి పొలము. అట్టి యింట మా అత్తగారి సూత్రము మేలైనది. వడ్డనకు ముందే వండినవారి పాలు తీసి మూతపెట్టుడు. పప్పు, కూర, పెరుగు, నేయి అన్నియు అందు రావలెను. ఎవరైన బంధువు హఠాత్తుగా వచ్చినచో ఆ గిన్నెకు చేయి పోరాదు. మరల వండుకొనవచ్చును, లేదా అందరి పాళ్లనుండి తలా కొంచెము తీయవచ్చును. ఇది స్వార్థము గాదు. ఇంటియందు ఒకరికి అరకడుపైనచో ఆ వంట చాలలేదనియే లెక్క.

ఆ ప్రయాణమునుండి వచ్చినది మొదలు మా యింట ఆ గిన్నె వంటయింటి బల్లపై నుండుచున్నది. దానిని తీయు పని మా పిల్లవానిది. మొదట నాలుగుదినములు గుర్తుచేయవలసి వచ్చెను. పిమ్మట వానికే అలవాటైనది. ఆడపిల్లకు మాత్రమే నేర్పినచో ఆచారము సగమే నిలుచును. మగపిల్లవాడు నేర్చినచో రేపు వాని యింట కోడలు “మిగిలినది” తినదు.

ఇటలీకి పోవు భాగ్యము కలవారు పోయి రండు. ఆ పల్లెల పంక్తిలో కూర్చుండి తినిరండు. పోలేనివారు సోమందేపల్లె దారిని పోవునప్పుడొకమారు దిగి, వేడి సంగటి ముద్దకు గుంటచేసి నేయి పోయించుకొనుడు. తోడుగా వచ్చిన పెద్దమ్మను, అత్తను, తల్లిని ముందు కూర్చుండబెట్టుడు. వారు వద్దందురు, వినకుడు.

వచ్చు సంచికలో ప్రయాణపు సద్దిమూటను గూర్చి ముచ్చటింతము.